లక్షణం నుండి కారణం దాకా: ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ – రక్త క్యాన్సర్ కారణాన్వేషణ చరిత్ర

వ్యాస సంగ్రహం:

రక్త క్యాన్సర్ ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు క్రోమోజోముల స్థాయిలో మొదటి నిర్దిష్టమైన ఆధారం 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో లభించింది. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యూకేమియా రోగుల రక్తకణాల్లో కనిపించిన ఒక చిన్న క్రోమోజోమ్ ఆ వ్యాధికి గుర్తు మాత్రమేనా, ఫలితమా, కారణమా అన్నది తేలడానికి ఆ తరువాత నాలుగు దశాబ్దాలు పట్టింది. ఈ అన్వేషణ సాగిన క్రమాన్ని భారతీయ తర్కశాస్త్రంలోని కార్యకారణ చర్చ వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ‘జన్యుసంబంధమైన’ అనే మాటను ‘వంశపారంపర్యమైన’ అనే అర్థంలో గ్రహించడం వల్ల తెలుగు వాడుకలో ఏర్పడే అపోహను కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: క్రోమోజోమ్, ల్యూకేమియా, స్థానాంతరణ, కార్యకారణ సంబంధం, అన్వయ వ్యతిరేకాలు, ఇమాటినిబ్, వంశపారంపర్యం.

1. ఉపోద్ఘాతం:

క్యాన్సర్‌కు తెలుగులో ఉన్న పాతమాట రాచపుండు. పుండు అన్నప్పుడు అది ఒకచోట ఉంటుంది, కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. రక్త క్యాన్సర్‌కు ఈ లక్షణాలేవీ లేవు. అది ఒకచోట గడ్డకట్టి ఉండదు. రక్తంతోపాటు శరీరమంతా తిరుగుతుంది. అందువల్ల ఆ పాతమాట ఈ వ్యాధికి అన్వయించలేదు. కంటికి కనిపించని వ్యాధికి కంటికి కనిపించని కారణాన్ని వెదకవలసి వచ్చింది. ఆ వెదుకులాట చివరికి కణకేంద్రకంలోని క్రోమోజోముల దగ్గరికి చేరింది.

‘క్రోమోజోముల్లో లోపం వల్ల రక్త క్యాన్సర్ వస్తుంది’ అనే వాక్యం నేడు పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపిస్తుంది. అయితే ఆ వాక్యంలోని ‘వల్ల’ అనే మాటను సాధించడం సులభంగా జరగలేదు. రెండు విషయాలు ఎప్పుడూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాజాలదు. మన తార్కికులు కారణానికి మూడు నియమాలు చెప్పారు: అది కార్యానికి ముందు ఉండాలి, తప్పనిసరిగా ఉండాలి, అన్యథాసిద్ధం కాకుండా ఉండాలి. కుండకు మట్టీ, చక్రమూ కారణాలే గాని, ఆ మట్టిని మోసుకొచ్చిన గాడిద కారణం కాదన్నది వారు చూపే ప్రసిద్ధమైన ఉదాహరణ. ఫిలడెల్ఫియాలో కనబడిన చిన్న క్రోమోజోమ్ చక్రం వంటిదా, గాడిద వంటిదా అన్నదే ఈ చరిత్రకు కేంద్రమైన ప్రశ్న.

2. ‘తెల్లని రక్తం’ నుండి ‘రంగు దేహాల’ దాకా (1845–1956):

1845లో ఎడింబరోలో జాన్ హ్యూస్ బెనెట్, బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్షో వేర్వేరుగా ఒకే విధమైన వ్యాధిని వర్ణించారు. ప్లీహం బాగా పెరిగి మరణించిన రోగుల రక్తంలో తెల్లకణాలు అసాధారణంగా ఎక్కువగా ఉన్నట్లు వారు గమనించారు. బెనెట్ దానిని రక్తంలో చీము చేరడంగా భావించారు. విర్షో మాత్రం అది చీము కాదనీ, రక్తంలోని కణాల నిష్పత్తే మారిపోయిందనీ గ్రహించారు. గ్రీకు భాషలో ‘తెలుపు’, ‘రక్తం’ అనే అర్థాలున్న రెండు మాటలను కలిపి 1847లో ‘ల్యూకేమియా’ అనే పేరును ఆయనే వాడారు. 1870 నాటికి ఎర్నెస్ట్ నాయిమన్ ఈ వ్యాధికి మూలస్థానం ఎముకల్లోని మూలుగ (మజ్జ) అని సూచించారు. దీనితో వ్యాధికి పేరు, చోటు తెలిశాయి. కారణం తెలియలేదు.

అదే కాలంలో సూక్ష్మదర్శిని పరిశోధన మరొక దారిలో సాగింది. 1882లో వాల్టర్ ఫ్లెమింగ్ కణవిభజనను వివరంగా వర్ణించారు. విభజన సమయంలో రంగును బాగా పీల్చుకొనే తంతువులకు 1888లో వాల్డేయర్ ‘క్రోమోజోమ్’ అని పేరు పెట్టారు. దీనికి అక్షరార్థం ‘రంగు దేహం’. ఈ పేరు వాటి పనిని చెప్పదు. అవి మనకు ఎలా కనబడతాయో మాత్రమే చెబుతుంది. 1890లో డేవిడ్ ఫాన్ హాన్సెమన్ క్యాన్సర్ కణాల్లో విభజన సమానంగా జరగకపోవడాన్ని గుర్తించారు.

ఈ రెండు దారులను సిద్ధాంతస్థాయిలో కలిపినవారు జర్మన్ జీవశాస్త్రవేత్త థియొడోర్ బొవేరీ. ఆయన పరిశోధించింది రోగులను కాదు, సముద్రపు అర్చిన్ల గుడ్లను. ఒకే గుడ్డు రెండు శుక్రకణాలతో ఫలదీకరణ చెందినప్పుడు క్రోమోజోములు పిల్లకణాలకు అస్తవ్యస్తంగా పంపిణీ అవుతాయనీ, ఆ కణాల భవితవ్యం వాటికి దక్కిన క్రోమోజోములను బట్టి ఉంటుందనీ ఆయన నిరూపించారు. ఈ పరిశీలన ఆధారంగా 1914లో ప్రచురించిన గ్రంథంలో, దుష్ట కణితికి మూలం క్రోమోజోముల అమరిక చెడిన ఒకే ఒక కణం కావచ్చునని ప్రతిపాదించారు. మరుసటి ఏడాదే ఆయన మరణించారు. మనిషి క్రోమోజోములను స్పష్టంగా చూడగలిగే పద్ధతి అప్పటికి లేదు. అందువల్ల ఆ ప్రతిపాదన చాలాకాలం పరీక్షకు అందని ఊహగానే మిగిలింది.

పద్ధతి లేకపోతే సత్యం ఎంత దూరంలో ఉండిపోతుందో చెప్పడానికి క్రోమోజోముల లెక్కే నిదర్శనం. 1920లలో థియోఫిలస్ పెయింటర్ మనిషి క్రోమోజోముల సంఖ్యను 48గా ప్రకటించారు. మూడు దశాబ్దాలకు పైగా అదే లెక్క చలామణి అయింది. 1950లలో రెండు పద్ధతులు కలిసివచ్చాయి. ఉప్పు సాంద్రత తక్కువగా ఉన్న ద్రవంలో కణాలను ఉబ్బించి క్రోమోజోములను విడివిడిగా పరచడం ఒకటి. కాల్చిసిన్ అనే పదార్థంతో విభజనను మధ్యలో ఆపడం రెండవది. వీటి సాయంతో 1956లో స్వీడన్‌లోని లుండ్‌లో చియో, లెవాన్ అనే శాస్త్రవేత్తలు అసలు సంఖ్య 46 అని తేల్చారు. 1959లో జెరోమ్ లెజూన్ బృందం డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో 21వ క్రోమోజోమ్ అదనంగా ఒకటి ఉంటుందని ప్రకటించింది. క్రోమోజోముల మార్పుకూ మానవ వ్యాధికీ సంబంధం ఉండవచ్చునన్న నమ్మకం ఆ తరువాతే బలపడింది.

3. ఫిలడెల్ఫియా, 1960:

పీటర్ నోవెల్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వ్యాధినిర్ధారణ శాస్త్రవేత్త. ల్యూకేమియా రోగుల తెల్లకణాలను ప్రయోగశాలలో పెంచి పరిశీలించేవారు. ఒకసారి గాజుపలకలను మామూలు కుళాయినీటితో కడిగినప్పుడు కణాలు ఉబ్బి, వాటిలోని క్రోమోజోములు చక్కగా విడివడి కనిపించాయి. ఆయనకు క్రోమోజోముల శాస్త్రంలో ప్రత్యేక శిక్షణ లేదు. ఆ విషయం తెలిసినవారి కోసం వెదికితే, అదే నగరంలోని ఫాక్స్ ఛేజ్‌లో పనిచేస్తున్న డేవిడ్ హంగర్‌ఫర్డ్ దొరికారు. ఆయన అప్పటికి మానవ క్రోమోజోములపై సిద్ధాంత గ్రంథం రాస్తున్న పరిశోధక విద్యార్థి. ఒకరి దగ్గర కణాలు ఉన్నాయి. మరొకరి దగ్గర వాటిని చదవగల కన్ను ఉంది.

వ్యాధిగ్రస్త కణాల్లో అతిచిన్నదైన ఒక క్రోమోజోమ్ ఉన్నట్లు హంగర్‌ఫర్డ్ గుర్తించారు. 1960లో ‘సైన్స్’ పత్రికలో వారిద్దరూ ప్రచురించిన అతి చిన్న నివేదికలో ఏడుగురు రోగుల్లో ఈ చిన్న క్రోమోజోమ్ కనిపించినట్లు పేర్కొన్నారు. దానిని కనుగొన్న నగరం పేరు మీదుగానే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అనే వ్యవహారం స్థిరపడింది. ఒక నిర్దిష్టమైన క్యాన్సర్‌తో క్రమం తప్పకుండా కనిపించిన మొదటి క్రోమోజోమ్ మార్పు ఇదే.

ఇక్కడి నుండి అసలు చర్చ మొదలయింది. వ్యాధి ఉన్న కణాలన్నిటిలో ఒకే మార్పు ఉందంటే, ఆ కణాలన్నీ ఒకే కణం సంతానం అయి ఉండాలని నోవెల్ భావించారు. ఇది బొవేరీ ఊహకు బలాన్నిచ్చింది. కాని నాటి శాస్త్రజ్ఞుల్లో చాలామంది క్రోమోజోముల మార్పులను వ్యాధి వల్ల పుట్టిన చిందరవందరగానే చూసేవారు. ఇతర క్యాన్సర్ కణాల్లో క్రోమోజోములు ఒక్కో రోగిలో ఒక్కో విధంగా చెదిరి కనిపించడమే అందుకు కారణం. ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఒక వింత మినహాయింపుగా మిగిలిపోయింది. అది నియతంగా ఉందని తెలిసింది గాని, ముందే ఉందా, తరువాత వచ్చిందా అన్నది తెలియలేదు.

ఒకే కణం నుండి పుట్టుక అన్న అంశానికి 1967లో స్వతంత్రమైన ఆధారం దొరికింది. స్త్రీలలో రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. ఒక్కొక్క కణంలో ఏదో ఒకటే చురుగ్గా ఉంటుంది. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే జీ6పీడీ అనే ఎంజైమ్ రెండు రూపాల్లో ఉన్న స్త్రీలను ఫిలిప్ ఫయల్కోవ్ బృందం పరీక్షించింది. వారి చర్మంలో రెండు రూపాలూ కనిపించాయి. వ్యాధిగ్రస్తమైన రక్తకణాల్లో మాత్రం ఒకే రూపం ఉంది. వేరువేరు కణాలు జబ్బుపడి ఉంటే అలా జరగదు.

4. భోజనాల బల్లమీద ఛాయాచిత్రాలు (1973):

చిన్న క్రోమోజోమ్ అంటే దానిలోని కొంత భాగం పోయిందని అర్థం. ఆ పోయిన భాగం ఏమయింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారు షికాగోకు చెందిన జానెట్ రౌలీ (1925–2013). నలుగురు కుమారులను పెంచుతూ ఏళ్ల తరబడి పరిమిత వేళల ఉద్యోగం మాత్రమే చేసిన వైద్యురాలు ఆమె. 1970 ప్రాంతంలో క్రోమోజోములను పట్టీలుగా రంగువేసి చూసే పద్ధతులు వచ్చాయి. అంతకుముందు పరిమాణాన్ని బట్టి మాత్రమే పోల్చుకోగలిగిన క్రోమోజోములకు ఇప్పుడు ఒక్కొక్కదానికీ ప్రత్యేకమైన చారలు కనిపించాయి. భర్తతోపాటు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు రౌలీ ఈ పద్ధతిని నేర్చుకున్నారు.

షికాగోకు తిరిగివచ్చాక ఆమె క్రోమోజోముల ఛాయాచిత్రాలను కత్తిరించి, ఇంట్లో భోజనాల బల్లమీద జతలుగా పేర్చి పోల్చేవారు. కాగితపు బొమ్మలతో ఆడుకుంటున్నావని పిల్లలు ఆటపట్టించేవారని ఆమె తరువాత చెప్పుకున్నారు. ఈ పోలికలో 1972లో మరొక రక్త క్యాన్సర్‌లో 8, 21 క్రోమోజోముల మధ్య భాగాల మార్పిడిని ఆమె గుర్తించారు. ఆ తరువాత ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఉన్న కణాలను పరిశీలిస్తే 22వ క్రోమోజోమ్ చిన్నదవడంతోపాటు 9వ క్రోమోజోమ్ చివర అదనపు భాగం కనిపించింది. పోయిందనుకున్నది పోలేదు, చోటు మారింది. దీనినే స్థానాంతరణ అంటున్నాం. ఈ పరిశీలన 1973లో ‘నేచర్’ పత్రికలో వెలువడింది.

లోపించడానికీ చోటు మారడానికీ ఉన్న తేడా చిన్నది కాదు. భాగం లోపించి ఉంటే, ఏదో ఒక మేలుచేసే అంశం పోయినందువల్ల వ్యాధి వచ్చిందని చెప్పుకోవలసి వచ్చేది. చోటు మారిందంటే, ఉన్నవే కొత్త పొరుగులో చేరి కొత్త పని మొదలుపెట్టాయన్న ఆలోచనకు దారి ఏర్పడుతుంది. పదాలన్నీ ఉన్నా, పదక్రమం మారితే వాక్యార్థం మారడం భాషాశాస్త్రం చదివినవారికి తెలిసినదే. 1977లో రౌలీ బృందం ప్రోమైలోసైటిక్ ల్యూకేమియాలో 15, 17 క్రోమోజోముల మార్పిడిని కూడా కనుగొంది. ఒక్కో రకం ల్యూకేమియాకు ఒక్కో నిర్దిష్టమైన మార్పు ఉండడంతో ‘చిందరవందర’ వాదం నిలవలేకపోయింది.

5. రెండు జన్యువుల సంధి (1982–1990):

క్రోమోజోములు తెగి అతికిన చోట ఏ జన్యువులున్నాయన్నది తరువాతి ప్రశ్న. ఎలుకల్లో ల్యూకేమియా కలిగించే ఏబెల్‌సన్ వైరస్ అనేది అప్పటికే తెలుసు. అందులోని క్యాన్సర్‌కారక జన్యువుకు సాటివచ్చే జన్యువు మనిషిలో 9వ క్రోమోజోమ్ మీద ఉంది. దానిని ఏబీఎల్ అంటారు. వ్యాధిగ్రస్త కణాల్లో అది 22వ క్రోమోజోమ్‌కు చేరినట్లు 1982లో తేలింది. 22వ క్రోమోజోమ్‌లో తెగిన స్థానాలు వేర్వేరు రోగుల్లోనూ ఒక చిన్న ప్రాంతంలోనే ఉన్నట్లు 1984లో గుర్తించారు. అక్కడి జన్యువుకు బీసీఆర్ అని పేరు. రెండూ కలిసి బీసీఆర్-ఏబీఎల్ అనే సంకర జన్యువు ఏర్పడుతుంది.

దీని పనితీరును ఇలా చెప్పవచ్చు. ఏబీఎల్ తయారుచేసే ప్రోటీన్ టైరోసిన్ కైనేజ్ అనే ఎంజైముల కోవకు చెందుతుంది. ఏటీపీ అనే శక్తి అణువు నుండి ఫాస్ఫేటును తీసి ఇతర ప్రోటీన్లకు తగిలించడం దాని పని. ఆ ఫాస్ఫేటు తగలడమే ‘విభజన చెందు’ వంటి సంకేతాలకు నాంది. ఆరోగ్యవంతమైన కణంలో ఈ ఎంజైమ్ అవసరమైనప్పుడు పనిచేస్తుంది, లేనప్పుడు తనలోనే ముడుచుకొని ఆగిపోతుంది. బీసీఆర్‌తో అతుక్కున్నప్పుడు దానిని ఆపి ఉంచే తల భాగం పోతుంది. పైగా బీసీఆర్ భాగం ఇలాంటి అణువులను ఒకదానితో ఒకటి జతకలుపుతుంది. దానితో ఎంజైమ్ నిరంతరం పనిచేస్తూనే ఉంటుంది. మూలుగలోని ఒక మూలకణంలో ఇది జరిగితే, ఆ కణం సంతానం అదుపు లేకుండా పెరిగి మిగిలిన కణాలను పక్కకు నెడుతుంది.

ఇంతవరకు వచ్చినా ఇది అన్వయమే. వ్యాధి ఉన్నచోట సంకర జన్యువు ఉంది. అది కలిగించగలదా? 1990లో డేలీ, వాన్ ఎటెన్, బాల్టిమోర్ ఈ జన్యువును ఎలుకల మూలుగ కణాల్లో ప్రవేశపెట్టి, ఆ కణాలను ఇతర ఎలుకలకు ఎక్కించారు. వాటిలో మనుషుల్లోని వ్యాధిని పోలిన వ్యాధి వచ్చింది. ముందు జన్యువు, తరువాత జబ్బు. పూర్వవృత్తిత్వం రుజువయింది.

క్రోమోజోముల మార్పు రక్త క్యాన్సర్‌ను కలిగించే మార్గం ఇదొక్కటే కాదు. బర్కిట్ లింఫోమాలో కొత్త సంకర జన్యువు ఏర్పడదు. 8వ క్రోమోజోమ్ మీది ‘మిక్’ అనే జన్యువు ప్రతిరక్షకాలను తయారుచేసే జన్యువు పక్కకు చేరుతుంది. ఆ ప్రాంతం బీ కణాల్లో నిత్యం చురుగ్గా ఉండేది కావడంతో పక్కన చేరిన జన్యువు కూడా అతిగా పనిచేస్తుంది. మరికొన్ని ల్యూకేమియాల్లో క్రోమోజోమ్ భాగాలు పోవడం, క్రోమోజోములు అదనంగా ఉండడం కనిపిస్తాయి.

6. వ్యతిరేక నిరూపణ: ఔషధం (1996–2001):

కారణాన్ని తొలగిస్తే కార్యం తొలగిపోవాలి. ఇది వ్యతిరేకం. మనుషుల్లో ఈ పరీక్ష ఔషధ రూపంలో జరిగింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో నికొలస్ లైడన్, యుర్గ్ జిమ్మర్‌మన్ తదితరులు కైనేజ్‌లను అడ్డుకొనే అణువులను రూపొందించారు. అమెరికాలోని ఓరెగాన్‌కు చెందిన వైద్యుడు బ్రయన్ డ్రూకర్ వాటిని వ్యాధికణాల మీద పరీక్షించారు. ఇమాటినిబ్ అనే అణువు ఏటీపీ చేరవలసిన చోట తాను కూర్చుని ఎంజైమును ఆపుతుంది. ఈ ఫలితాలు 1996లో ప్రచురితమయ్యాయి. 1998లో రోగులపై పరీక్షలు మొదలయ్యాయి. 2001లో వెలువడిన నివేదిక ప్రకారం, అప్పటి ప్రామాణిక చికిత్స పనిచేయని రోగుల్లో రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల సంఖ్య సాధారణ స్థితికి వచ్చింది. అదే ఏడాది మే నెలలో అమెరికాలో ఈ మందుకు అనుమతి లభించింది.

ఈ నిరూపణకు మరొక అంశం మరింత బలాన్నిచ్చింది. కొందరిలో మందు కొంతకాలం పనిచేసి ఆగిపోయింది. ఎందుకని చూస్తే, చాలామందిలో మందు కూర్చునే చోటే స్వల్పమైన మార్పు వచ్చి బీసీఆర్-ఏబీఎల్ మళ్లీ చురుకైనట్లు చార్లెస్ సాయర్స్ బృందం 2001లో చూపింది. వ్యాధి తిరిగి రావడానికి ఆ ఎంజైమే తిరిగి రావలసి వచ్చింది. చిన్న క్రోమోజోమ్ కుమ్మరి గాడిద కాదని దీనితో సందేహాతీతంగా తేలింది.

7. తెలుగు నేలతో రెండు సంబంధాలు:

ఈ చరిత్రలో తెలుగువారికి రెండు చోట్ల ప్రమేయం ఉంది. మొదటిది క్రోమోజోముల చరిత్రకు ముందు వచ్చే ఘట్టం. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లానికి ప్రతిగా పనిచేసే ఎమినాప్టెరిన్‌ను తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని తీవ్ర ల్యూకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో మెరుగుదల కనిపించినట్లు 1948లో ప్రకటించారు. ఆ ఉపశమనం తాత్కాలికమే. అయినా రసాయన చికిత్సతో ల్యూకేమియా తగ్గుముఖం పట్టగలదని తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు మరణించారు. ఆ మందు విభజన చెందే కణాలన్నిటి డీఎన్ఏ నిర్మాణాన్నీ అడ్డుకుంటుంది. వ్యాధికి మూలం తెలియకుండానే వ్యాధిని ఎదుర్కొన్న మందు అది. ఇమాటినిబ్ మూలం తెలిశాక వచ్చిన మందు. ఈ రెండింటి మధ్య ఉన్న అర్ధ శతాబ్దమే పై చరిత్ర.

రెండవ సంబంధం న్యాయస్థానానికి చెందింది. ఇమాటినిబ్ ఉప్పు తాలూకు ఒక స్ఫటిక రూపానికి నోవార్టిస్ సంస్థ భారతదేశంలో పేటెంటు కోరింది. దానిని వ్యతిరేకించిన సంస్థల్లో హైదరాబాదుకు చెందిన నాట్కో, హెటెరో ఉన్నాయి. క్యాన్సర్ రోగుల సహాయ సంఘం కూడా ఉంది. తెలిసిన పదార్థపు కొత్త రూపానికి, చికిత్సా సామర్థ్యం పెరిగినట్లు చూపనిదే పేటెంటు ఇవ్వరాదన్న నిబంధన ఆధారంగా సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న ఆ విజ్ఞప్తిని తిరస్కరించింది. రోజూ, ఏళ్ల తరబడి వేసుకోవలసిన మందు కనుక దాని ధర రోగి ఆయుర్దాయాన్ని నిర్ణయిస్తుంది. కారణం కనుగొనడం ఒక ఎత్తు, ఆ జ్ఞానం రోగి చేతికి అందడం మరొక ఎత్తు.

8. జన్యుసంబంధం, వంశపారంపర్యం: మాటల వల్ల కలిగే అపోహ:

ఈ వ్యాధిని తెలుగులో ‘జన్యులోపం వల్ల వచ్చే జబ్బు’ అని చెప్పినప్పుడు వినేవారు దానిని వంశపారంపర్యంగా గ్రహించే ప్రమాదం ఉంది. ‘జన్యు’ శబ్దంలోనే జన్మ వినిపిస్తుంది. ఆ మాట విన్న తల్లిదండ్రులు తమనుండే వచ్చిందని కుమిలిపోవచ్చు. తోబుట్టువుల పెళ్లి సంబంధాలకు అది అడ్డు కావచ్చు. శాస్త్రం చెప్పేది దీనికి భిన్నం. ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ పుట్టుకతో రాదు. జీవితంలో ఎప్పుడో మూలుగలోని ఒక కణంలో ఏర్పడుతుంది. ఆ రోగి చర్మకణాల్లో అది ఉండదు, బీజకణాల్లో ఉండదు, కనుక సంతానానికి సంక్రమించదు. ఏకరూప కవలల్లో ఒకరికి ఈ క్రోమోజోమ్, ఈ వ్యాధి ఉండి, రెండవవారికి లేకపోవడం 1960లలోనే నమోదయింది. ఒకే జన్యు వారసత్వం ఉన్న ఇద్దరిలో ఒకరికే రావడం కంటే వేరే రుజువు అక్కరలేదు.

దీనికి పరిమితులు కూడా చెప్పవలసి ఉంది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో ల్యూకేమియా వచ్చే అవకాశం ఇతర పిల్లల్లో కంటే అనేక రెట్లు ఎక్కువ. హిరోషిమా అణుబాంబు దాడి నుండి బయటపడినవారిలో ల్యూకేమియా పెరగడం, రేడియేషన్ క్రోమోజోములను తెంచగలదన్న విషయాన్ని నిర్ధారిస్తుంది. కాని చాలామంది రోగుల విషయంలో ఫలానా కారణంగా క్రోమోజోములు తెగాయని చెప్పగల ఆధారం ఉండదు. అంతేకాదు, అతిసూక్ష్మ పరీక్షల్లో కొందరు ఆరోగ్యవంతుల రక్తంలోనూ బీసీఆర్-ఏబీఎల్ ఆనవాళ్లు కనిపించాయి. ఏ కణంలో ఏర్పడింది, ఆ కణం నిలదొక్కుకుందా అన్నవి కూడా ముఖ్యమే. మట్టి, చక్రం ఉన్నచోటల్లా కుండ తయారుకాదు గదా.

కాబట్టి ఇటువంటి వ్యాధులను గురించి రాసేటప్పుడు ‘పుట్టుకతో వచ్చిన జన్యుమార్పు’, ‘జీవితంలో ఏర్పడిన జన్యుమార్పు’ అనే విభజనను స్పష్టంగా పాటించడం అవసరం. ‘ఆర్జితం’ అనే మాట మన భాషలో ఉన్నా, అది సంపాదించుకున్నది అనే అర్థాన్నిచ్చి రోగిదే తప్పన్న భావం కలిగించవచ్చు. ‘తరువాత ఏర్పడిన’ అనే సాదామాటే మేలు.

9. ముగింపు:

1914లో బొవేరీ చేసిన ఊహ, 1960లో నోవెల్, హంగర్‌ఫర్డ్‌ల పరిశీలన, 1973లో రౌలీ వివరణ, 1990లో ఎలుకలపై ప్రయోగం, 2001లో ఔషధ ఫలితం – ఇవి ఒకే వాదంలోని అవయవాలుగా కనిపిస్తాయి. ఒక్కొక్క దశలో కారణత్వానికి కావలసిన ఒక్కొక్క నియమం నెరవేరింది. కుళాయినీటితో కడిగిన గాజుపలక, భోజనాల బల్లమీద కత్తిరించిన కాగితాలు ఈ చరిత్రలో ఎంత ముఖ్యమైనవో, చూసినదాన్ని వెంటనే కారణమని ప్రకటించకుండా ఆగిన నిగ్రహం కూడా అంతే ముఖ్యమైనది. క్రోమోజోముల అసాధారణత రక్త క్యాన్సర్‌కు కారణం కాగలదని శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆ కారణం రోగి వంశంలో లేదని, రోగి చేసిన తప్పులో లేదని రోగికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం భాష తెలిసినవారి బాధ్యత. తెలుగులో వైద్యవిజ్ఞాన రచన ఈ దిశలో సాగవలసి ఉంది.